పొయ్యి కంటే ముందు పెల్లెట్ చూడండి

పెల్లెట్ పొయ్యిల గురించి ఈ మధ్య ఉత్తరాలు బాగా ఎక్కువయ్యాయి. పెల్లెట్ అంటే చెనిక్కాయ (వేరుశనగ) పొట్టు, రంపపు పొట్టు లాంటివి గట్టిగా ఒత్తి చేసిన చిన్న ఇంధన ముక్కలు, వాటిని చిన్న ఫ్యాన్ గాలితో మండించేదే పెల్లెట్ పొయ్యి. గ్యాస్ ఖర్చు ఒక కారణం, ఊరూరా తిరిగి డెమోలు చూపిస్తున్న ఏజెంట్లు ఇంకో కారణం. నేను అనంతపురంలో పన్నెండేళ్లు మెస్ నడిపాను, చివరి ఐదేళ్లు అన్నం, సాంబారు, వేడి నీళ్లు అన్నీ పెల్లెట్ పొయ్యి మీదే. ఆ అనుభవంతో, తర్వాత చదివి తెలుసుకున్న దాంతో ఈసారి ఐదు ఉత్తరాలకు జవాబు రాస్తున్నాను. మొదటి జవాబు పొడుగ్గా ఉంటుంది, ఎందుకంటే మిగతా చాలా మంది అడిగిందీ అదే.

అక్కా, అనంతపురంలో మా ఆయనా నేనూ చిన్న టిఫిన్ సెంటర్ నడుపుతున్నాం. ఇడ్లీ, దోశ, ఉగ్గాని, బజ్జీ. 19 కిలోల సిలిండర్ నాలుగు రోజులకే అయిపోతోంది, ఒక్కోటి పంతొమ్మిది వందల దగ్గర పడుతోంది. పెల్లెట్ పొయ్యి పెడితే నెలకు పది వేలు మిగులుతుందని ఒక డీలర్ రోజూ వచ్చి చెప్తున్నాడు, పొయ్యి 38 వేలంట. ఇంకొకాయన 52 వేలు చెప్పాడు కానీ ఎంత మిగులుతుందో గట్టిగా చెప్పట్లేదు. పెల్లెట్లు ఇద్దరూ కిలో 12 రూపాయలకే ఇస్తామంటున్నారు. ఎవర్ని నమ్మాలి?
– ఓ పాఠకురాలు, అనంతపురం

చెల్లెమ్మా, ఆ పది వేలు ఎక్కడి నుంచి వచ్చాయో ముందు చూద్దాం. కిలో గ్యాస్‌లో దాదాపు 11,000 కిలో క్యాలరీల వేడి ఉంటుంది, మంచి పెల్లెట్ కిలోలో 4,000 దాకా ఉంటుంది. పదకొండుని నాలుగుతో భాగిస్తే మూడుకు కాస్త తక్కువ వస్తుంది కదా, అందుకని డీలర్లు కిలో గ్యాస్‌కు మూడు కిలోల పెల్లెట్ చాలంటారు. అలా చూస్తే సిలిండర్‌కు 57 కిలోలు, 12 రూపాయల చొప్పున 684 రూపాయలు. సిలిండర్ మీద పన్నెండు వందలు మిగిలినట్టు, నెలకు ఎనిమిది సిలిండర్లంటే పది వేలకు దగ్గరికొస్తుంది. ఆయన చెప్పిన పది వేలు ఇదే.

కానీ వేడి ఎంత పుట్టిందన్నది కాదు, గిన్నెకు ఎంత అందిందన్నది మనకు కావాలి. గ్యాస్ పొయ్యి మీద నూటికి 60, 65 వంతులు గిన్నెకు చేరుతుంది. ఫ్యాన్ ఉన్న పెల్లెట్ పొయ్యికి భారత ప్రమాణాల సంస్థ పెట్టిన కనీస హద్దు 35 శాతం. కట్టెపొయ్యితో పోలిస్తే అది చాలా మేలే, గ్యాస్‌తో పోలిస్తే మాత్రం తక్కువ. ఇప్పుడు మళ్లీ వేయండి. కిలో గ్యాస్ నుంచి గిన్నెకు అందేది ఏడు వేల దాకా, కిలో పెల్లెట్ నుంచి అందేది 1,400. అంటే కిలో గ్యాస్ పని చేయడానికి దగ్గర దగ్గర ఐదు కిలోల పెల్లెట్ కావాలి. సిలిండర్‌కు 95 కిలోలు, 1,140 రూపాయలు. మిగిలేది 760.

ఇంకో సంగతి, దీన్ని డీలర్ మీకు చెప్పి ఉండడు. దోశ పెనానికి పెల్లెట్ పొయ్యి అంతగా కుదరదు. దోశకు మంట క్షణాల్లో తగ్గాలి, క్షణాల్లో పెరగాలి, గ్యాస్ అయితే చెయ్యి తిప్పితే అయిపోతుంది. పెల్లెట్ పొయ్యిలో ఫ్యాన్ తగ్గించినా లోపలి నిప్పు చల్లబడటానికి టైమ్ పడుతుంది, ఈలోపు రెండు దోశలు మాడతాయి. బజ్జీల బాండ్లి సంగతీ అంతే, నూనె కాగిపోతే వెంటనే మంట దించలేరు, పక్కన పిల్లలుంటే అది ప్రమాదం కూడా. నేనైతే ఇడ్లీ పాత్ర, సాంబారు, ఉగ్గానికి బొరుగులు నానబెట్టే నీళ్లు, గిన్నెలు కడిగే నీళ్లు పెల్లెట్ మీదికి మార్చి, దోశా బజ్జీ గ్యాస్ మీదే ఉంచుతాను. అప్పుడు మీ ఎనిమిది సిలిండర్లలో ఓ నాలుగు తగ్గుతాయి, నెలకు మూడు వేలు మిగులుతుంది. 38 వేల పొయ్యి ఏడాది పైన ఓ నెలకు, 52 వేల పొయ్యి ఏడాదిన్నరలోపు తన ఖర్చు తాను రాబట్టుకుంటుంది. ఇది మంచి లెక్కే చెల్లెమ్మా, పెట్టుకోదగ్గదే. పది వేలు అనుకుని అప్పు చేసి పెడితేనే ఇబ్బంది.

ఇక్కడ ఒక అంకె గోడ మీద రాసిపెట్టుకోండి. సిలిండర్ ధరను 95తో భాగించండి. మీ 1,900కి 20 వస్తుంది. పెల్లెట్ కిలో 20 రూపాయలకు చేరిన రోజు మీకు మిగిలేది సున్నా, బూడిద ఎత్తే చాకిరీ మాత్రం మిగులుతుంది. ఇది ఊహించి చెప్పేది కాదు, మన దేశంలో జరిగిందే. బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ (ఐఐఎస్‌సీ) పరిజ్ఞానంతో 2006లో ఊర్జా అని ఇళ్ల కోసం పెల్లెట్ పొయ్యి వచ్చింది. పొగ లేదు, మసి లేదు, లక్షల్లో అమ్ముడైంది. తర్వాత ముడిసరుకు ధర పెరిగి పెల్లెట్ ధర పెరిగేసరికి చాలా ఇళ్లలో పొయ్యి అటకెక్కింది. పొయ్యిలో ఏ లోపమూ లేకుండానే అలా జరిగింది. అందుకే పొయ్యి కంటే ముందు పెల్లెట్ చూడమంటాను. ఈ డీలర్ దగ్గర కాకుండా ఇంకెవరి దగ్గరైనా దొరుకుతుందా? ఆ పొయ్యిలో వేరే వాళ్ల పెల్లెట్ వేస్తే వారంటీ పోతుందని కాగితంలో ఎక్కడైనా రాశారా? ఒక్కరి దగ్గరే దొరికే పెల్లెట్‌తో నడిచే పొయ్యి నేను కొనను, ఉచితంగా ఇచ్చినా సరే.

పెల్లెట్ చూడటం కష్టమేమీ కాదు. గుప్పెడు తీసుకుని అరచేతిలో పోసుకోండి. వేలి కంటే సన్నగా, ఆరు నుంచి ఎనిమిది మిల్లీమీటర్ల లావు ఉంటాయి. మంచిదానికి పైన సన్నటి నిగనిగ ఉంటుంది, విరిస్తే టక్కున శబ్దం వస్తుంది, మన చెనిక్కాయ పొట్టుతో చేసిందైతే ముక్కు దగ్గర పెట్టుకుంటే వేయించిన కాయల వాసన లీలగా తగులుతుంది. చేతిలోనే పొడిపొడి అయిపోతే అది చెమ్మ తిన్నదో, సరిగా ఒత్తిడి పడనిదో. గ్లాసు నీళ్లలో నాలుగు వేయండి, మంచివి నేరుగా అడుక్కి వెళ్తాయి, కాసేపటికి ఉబ్బి మెత్తటి పొట్టులా విడిపోతాయి. పైన తేలాయంటే గట్టిగా ఒత్తలేదని అర్థం. గ్లాసు అడుగున ఎర్రమట్టి పేరుకుంటే మట్టికి కూడా మీరు 12 రూపాయలు ఇస్తున్నట్టే. బస్తా అడుగున చెయ్యి పెట్టి చూడటం మర్చిపోవద్దు, పొడంతా అక్కడే ఉంటుంది.

బూడిద కూడా తూయండి. కిలో పెల్లెట్ కాలిస్తే చెనిక్కాయ పొట్టుదైతే 30 నుంచి 60 గ్రాముల దాకా బూడిద రావాలి, రంపపు పొట్టుదైతే ఇంకా తక్కువ. వంద దాటిందంటే మట్టో, వరి ఊకో కలిపారు. ఊకలో దాదాపు ఐదో వంతు బూడిదే. మట్టి, ఊక ఎక్కువైతే బూడిద కరిగి, నిప్పులు నిలిచే ఇనుప జాలీ మీద రాయిలా గడ్డకడుతుంది, గాలి అందదు, మంట ఎర్రబడి పొగ మొదలవుతుంది, మనమేమో పొయ్యి చెడిపోయిందనుకుంటాం. మా మెస్‌లో మొదటి ఏడాది వంటాయన రోజూ రాత్రి ఉలి పెట్టి ఆ గడ్డలు కొట్టేవాడు. పెల్లెట్ మార్చాక ఉలి అవసరం రాలేదు.

ఇప్పుడు డీలర్ సంగతి. మా అనుభవం చెప్తాను. వేరే ఊరి డీలర్ దగ్గర, ధర తక్కువని కొన్నాం. మొదటి వానాకాలంలో ఒక పొద్దున నాలుగున్నరకు ఫ్యాన్ ఆగిపోయింది. నలభై మంది పిల్లలు ఏడింటికి టిఫిన్‌కు వస్తారు. ఫ్యాన్ లేకపోతే అది పొయ్యి కాదు, పొగగూడు. ఫోన్ చేస్తే ఎత్తలేదు. తర్వాత ఎత్తి రేపు, ఎల్లుండి అన్నారు. పదిహేడు రోజులు. ఆ పదిహేడు రోజులు గ్యాస్ బ్లాకులో కొన్న డబ్బు, పొయ్యి ధరలో నేను మిగుల్చుకున్న దానికంటే ఎక్కువ. పోయింది ఫ్యాన్ కూడా కాదు, దాని అడాప్టర్. చేతిలో పట్టేంత వస్తువు. అప్పటి నుంచి డీలర్‌ను నేను అడిగే మొదటి ప్రశ్న ధర కాదు. ఫ్యాన్ పోతే ఎవరొస్తారు, ఆయన ఏ ఊళ్లో ఉంటాడు, ఆయన ఫోన్ నంబర్ ఇప్పుడే ఇస్తారా. ఫ్యాన్, అడాప్టర్, జాలీ ఈ మూడూ షాపులో ఉన్నాయా, ఉంటే తీసి చూపించండి, ఒక్కోదాని ధర బిల్లు వెనక రాసివ్వండి. దీనికి నీళ్లు నమిలితే అక్కడి నుంచి లేచి వచ్చేయండి.

మీ ఇద్దరు డీలర్లనీ ఒకే పరీక్ష అడగండి. డెమో మీ టిఫిన్ సెంటర్లోనే చేయాలి, మీ గిన్నె, మీ నీళ్లు, మీ కాటా. పది లీటర్ల నీళ్లు పోసి మూత పెట్టండి. పెల్లెట్ తూచి వేయండి, నీళ్లు తెర్లగానే మిగిలింది తీసి మళ్లీ తూయండి, నిప్పులున్నాయి కాబట్టి పట్టకారుతో రేకు డబ్బాలోకి జాగ్రత్తగా. అర కిలో పైచిలుకు, ముప్పావు కిలో లోపు పడితే పొయ్యి మంచిది. కిలో దాటితే 20 శాతం వేడి కూడా గిన్నెకు అందట్లేదు, ధర సగానికి ఇచ్చినా వద్దు. పరీక్షకు ఒప్పుకోని డీలర్ గురించి ఇక ఆలోచించకండి. పొయ్యి మీద ఐఎస్ 13152 అనే ప్రమాణం నంబరు ఉందో లేదో చూడండి, వెంట తెచ్చిన కాగితం మీద ఉంటే సరిపోదు, పొయ్యి మీదే ఉండాలి. ఏడాది కంటే ముందు కొన్న ముగ్గురి అడ్రసులు అడిగి, చెప్పకుండా, పొద్దున ఆరింటికి వెళ్లండి. ఆ టైమ్‌కు పొయ్యి వెలుగుతోందా, లేక దాని మీద ఉల్లిపాయల బుట్ట పెట్టారా అన్నది కళ్లతో చూసి రండి.

రెండూ పరీక్షలో సమానంగా నిలిస్తే, మెకానిక్ అనంతపురంలోనే ఉన్న డీలర్ దగ్గర కొనండి. 14 వేలు ఎక్కువైనా సరే. ఎంత మిగులుతుందో గట్టిగా చెప్పని ఆయన మీ సిలిండర్ వాడకం తెలియక చెప్పలేదేమో, పై లెక్క ఆయన ముందు పెట్టి చూడండి, ఒప్పుకుని సరిచేస్తే అలాంటి మనిషితో వ్యాపారం చేయొచ్చు.

అమ్మా, మాది కడప, రిటైర్డ్ టీచర్ని. మా అబ్బాయి అమెరికాలో చలి ఎక్కువగా ఉండే రాష్ట్రంలో ఇల్లు కొన్నాడు, 1,300 చదరపు అడుగులు. ఇల్లు వెచ్చగా ఉండటానికి పెల్లెట్ స్టవ్ పెట్టిస్తానంటున్నాడు, పెద్దది, 60,000 బీటీయూ (గంటకు ఇచ్చే వేడికి అక్కడి కొలత). డిసెంబర్‌లో మేమిద్దరం అక్కడికి వెళ్తున్నాం. ఇంటి లోపల నిప్పు అంటే మా ఆవిడ భయపడుతోంది. అది ఎలా ఉంటుంది, డీలర్‌ను ఎలా ఎంచుకోవాలి?
– ఓ పాఠకుడు, కడప

సార్, అమ్మగారి భయం సహజమే, ఎందుకంటే మనకు ఇంట్లో నిప్పంటే తెరిచిన పొయ్యే గుర్తొస్తుంది. అక్కడిది వేరు. హాల్లో గోడకు దగ్గరగా పెట్టే ఇనుప బీరువా లాంటిది అనుకోండి, ముందు గాజు తలుపు. పైన తొట్టిలో పెల్లెట్లు పోస్తారు. లోపల ఒక స్క్రూ తిరుగుతూ కొద్దికొద్దిగా నిప్పు గిన్నెలోకి వేస్తుంటుంది. ఒక ఫ్యాన్ పొగను గొట్టం గుండా ఇంటి బయటికి తోసేస్తుంది, ఇంకో ఫ్యాన్ వేడి గాలిని గదిలోకి పంపుతుంది. గదిలోకి వచ్చే గాలీ, నిప్పు దగ్గరి గాలీ ఒకదానితో ఒకటి కలవవు. 1970ల చమురు కొరత తర్వాత 1980ల్లో అక్కడి ఇళ్లలోకి వచ్చిన వస్తువు ఇది, కొత్త ప్రయోగం కాదు.

మీ అబ్బాయి సైజు మాత్రం ఎక్కువ చూశాడు. అమెరికా ఇంధన శాఖ చెప్పే మోటు లెక్క ప్రకారం 60,000 బీటీయూ స్టవ్ 2,000 చదరపు అడుగుల ఇంటికి, 1,300 అడుగులకు 42,000 చాలు. మరీ పెద్దది పెడితే ఎప్పుడూ సన్న మంట మీద నడపాలి, గాజుకు మసి, లోపల బూడిద, పెల్లెట్ దండగ. ఇల్లు పాతదై కిటికీల సందుల్లోంచి గాలి కొడుతుంటే కాస్త పెద్దది కావాల్సి రావచ్చు, అందుకే డీలర్ స్వయంగా ఇంటికొచ్చి గదులు, కిటికీలు, మెట్లు చూసి సైజు చెప్పాలి. షాపులో కూర్చునే ఇంత పెద్దది తీసుకోండి అనే డీలర్ వద్దు.

దానికి కరెంట్ కావాలి, మామూలు వాడకానికి నెలకు వంద యూనిట్ల దాకా. మంచు తుఫానులో కరెంట్ పోతే స్క్రూ ఆగుతుంది, ఫ్యాన్ ఆగుతుంది, ఇల్లు చల్లబడుతుంది. బ్యాటరీ బ్యాకప్ ఉందా అని ఇప్పుడే అడగమనండి. పెల్లెట్లు 40 పౌండ్ల సంచుల్లో వస్తాయి, అంటే 18 కిలోలు, అక్కడి టన్నుకు 50 సంచులు. అవి ఎత్తి తొట్టిలో పోసేది ఎవరు? అబ్బాయి, కోడలు ఆఫీసుకు వెళ్తే మీరే. నడుము సంగతి ముందే ఆలోచించి, చిన్న బకెట్‌తో కొద్దికొద్దిగా పోసేలా తొట్టి ఎత్తు ఉందో లేదో చూడమనండి. ఇలాంటి చిన్న విషయాలు అమ్మకం కాగితాల్లో ఉండవు.

డీలర్ విషయంలో అనంతపురం చెల్లెమ్మకు చెప్పిందే అక్కడా పనికొస్తుంది. జనవరిలో స్టవ్ ఆగిపోతే ఎన్ని గంటల్లో మనిషి వస్తాడు, నిప్పు రాజేసే ఇగ్నైటర్, స్క్రూ మోటార్, ఫ్యాన్లు షాపులో ఉంచుతారా. బిగించేది వాళ్ల సొంత మనుషులా, బయటివాళ్లా. నేషనల్ ఫైర్‌ప్లేస్ ఇన్‌స్టిట్యూట్ సర్టిఫికెట్ ఉన్నవాళ్లు బిగిస్తే మంచిది. ఊరి మున్సిపాలిటీ పర్మిట్ తీసుకోవాలి, ఇంటి ఇన్సూరెన్స్ వాళ్లకు తెలియజేయాలి, పర్మిట్ ఎందుకులే అనే డీలర్‌ను అక్కడితో ఆపేయమనండి, రేపు ఏదైనా జరిగితే ఇన్సూరెన్స్ రాకపోవచ్చు. స్టవ్ వెనక అమెరికా పర్యావరణ సంస్థ ముద్ర ఉంటుంది, 2020 మే 15 నుంచి గంటకు 2 గ్రాములకు మించి పొగ ధూళి వదిలే కొత్త స్టవ్‌లు అమ్మకూడదు, సగం ధరకు వస్తున్నదల్లా పాత సరుకేమో చూసుకోవాలి.

ఇక అమ్మగారి భయానికి ఒకే మందు, కార్బన్ మోనాక్సైడ్ అలారం. మీరు పడుకునే గది బయట ఒకటి, స్టవ్ ఉన్న అంతస్తులో ఒకటి. మీరు దిగిన మొదటి రోజే బటన్ నొక్కి దాని కూత అమ్మగారికి వినిపించమనండి. కూత వినిపించగానే స్టవ్ దగ్గరికి వెళ్లి చూడటం కాదు, ముందు అందరూ బయటికి రావాలి, తర్వాత 911కి ఫోన్ చేయాలి. చలి కదా అని ఆగకూడదు, తలుపు దగ్గరే కోట్లు తగిలించి ఉంచమనండి.

మా అమ్మకు 78 ఏళ్లు, చలికాలం తెల్లవారుజామున కీళ్లు పట్టేసి ఏడుస్తుంది. మా ఇంట్లో వంటకు చిన్న పెల్లెట్ పొయ్యి ఉంది, పొగ రాదు. రాత్రి కాసేపు ఆమె గదిలో వెలిగించి తలుపు వేయొచ్చా?
– ఓ పాఠకుడు, కర్నూలు

వద్దు. దయచేసి వద్దు. కడప సార్ రాసిన స్టవ్‌కు బయటికి గొట్టం ఉంటుంది, మీ వంట పొయ్యికి లేదు. పొగ కనపడట్లేదంటే విషవాయువు లేదని కాదు, కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఏమీ ఉండవు. పెల్లెట్ అంతా కాలి చివర్లో నిప్పులు మాత్రమే మిగిలినప్పుడు అది ఇంకా ఎక్కువ వస్తుంది, సరిగ్గా అమ్మ నిద్రలోకి జారుకునే టైమ్‌కు. నిద్రలో ఉన్నవాళ్లకు తల తిరుగుతున్నట్టు కూడా తెలియదు. బొగ్గుల కుంపటి కూడా ఇంతే, మా అమ్మమ్మ రోజుల్లో పెట్టేవాళ్లు కదా అంటారేమో, అప్పటి ఇళ్లకు పైకప్పు సందుల నుంచి గాలి ఆడేది, ఇప్పుడు మనవి అల్యూమినియం కిటికీలు, ఏసీ కోసం సందులన్నీ మూసిన గదులు.

కర్నూలు చలి నెలన్నర, అది కూడా తెల్లవారుజామున. పడుకునే ముందు వేడి నీళ్ల బ్యాగును గుడ్డలో చుట్టి మోకాళ్ల దగ్గర పెట్టండి, పరుపు కింద కంబళి వేయండి, కింది నుంచి కూడా చలి లాగుతుంది. ఇంకా కావాలంటే నూనె నింపిన కరెంట్ రేడియేటర్ కొనండి, గోడ ప్లగ్గుకే నేరుగా పెట్టండి, ఎక్స్‌టెన్షన్ బాక్సు వద్దు. మీ పెల్లెట్ పొయ్యి పెరట్లో పెట్టి, పొద్దున ఆమె స్నానానికి కాగుడు నీళ్లు కాచండి. కీళ్లకు ఆ వేడి నీళ్లే హాయి.

మాకు పదెకరాల చెనిక్కాయ ఉంది. పొట్టు మిల్లులో ఉట్టినే వదిలేస్తున్నాం. పెల్లెట్ పొయ్యిలో పొట్టే నేరుగా వేసుకోవచ్చు కదా, పెల్లెట్ ఎందుకు కొనాలి?
– ఓ రైతు, ఉరవకొండ

అన్నా, మీ బాధ న్యాయమైనదే. కాయ బరువులో దాదాపు నాలుగో వంతు పొట్టే, దాన్ని ఉట్టినే వదిలి, అదే పొట్టును ఒత్తి సంచిలో పోసి తెస్తే కొనడమంటే ఎవరికైనా మనసు ఒప్పదు. కానీ పొట్టు దూదిలా తేలిక. పొయ్యి గిన్నె నిండా పోసినా పావు కిలో కూడా పట్టదు, భగ్గున మండి నిమిషాల్లో అయిపోతుంది, ఫ్యాన్ గాలికి కాలీ కాలని ముక్కలు పైకి లేచి అన్నంలో పడతాయి. పెల్లెట్ చేయడమంటే ఆ పొట్టును పొడి చేసి, చెమ్మ తగ్గించి, విపరీతమైన ఒత్తిడితో చిన్న రంధ్రాల గుండా తోయడం. ఆ వేడికి పొట్టులో సహజంగా ఉండే జిగురే దాన్ని పట్టి ఉంచుతుంది, వేరే జిగురు అక్కర్లేదు. పొయ్యి లోతు, ఫ్యాన్ గాలి అన్నీ ఆ బరువుకు తగ్గట్టు చేసినవి.

ఒక పని చేయొచ్చు. మీ పొట్టు తీసుకుని బదులుగా పెల్లెట్ ఇచ్చే ఏర్పాటు ఉందా అని దగ్గర్లోని పెల్లెట్ తయారీదారును అడగండి. నలుగురు రైతులు కలిసి వెళ్తే మాట చెల్లుతుంది. పొట్టును నేల మీద కాకుండా టార్పాలిన్ మీద ఆరబోయండి, మట్టి కలిస్తే ధర పడిపోతుంది. ఒక్కరి పంట కోసం సొంతంగా పెల్లెట్ మిషన్ కొనమని ఎవరైనా వస్తే మాత్రం తొందరపడకండి, ఏడాదికి రెండు నెలల పొట్టుతో ఆ మిషన్ గిట్టుబాటు కాదు.

ఆదోనిలో చిన్న మెస్ మాది. ఐదు నెలల క్రితం పెల్లెట్ పొయ్యి కొన్నాం, ఏడాది వారంటీ. ఫ్యాన్ కాలిపోయింది. డీలర్ ఫోన్ ఎత్తట్లేదు. ఇంట్లో రోజూ దీని మీదే గొడవ, టెన్షన్‌తో నిద్ర పట్టట్లేదు. వ్యాపారం కోసం కొన్నాం కాబట్టి కన్స్యూమర్ కోర్టు వర్తించదని అంటున్నారు, నిజమేనా?
– ఓ పాఠకుడు, ఆదోని

తమ్ముడూ, నాకూ ఈ గతే పట్టింది కాబట్టి నీ నిద్ర లేమి నాకు తెలుసు. ఎవరో చెప్పింది సగమే. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో వ్యాపారం కోసం కొన్నవాళ్లు వినియోగదారులు కారని ఉంది, కానీ స్వయం ఉపాధితో బతకడానికి తాను స్వయంగా వాడుకునే వస్తువు కొంటే అది వ్యాపారం కిందికి రాదని కూడా అదే చట్టంలో ఉంది. నువ్వూ మీ ఇంటివాళ్లూ నిలబడి నడుపుకునే మెస్ ఇందులోకి వస్తుందని గట్టిగా చెప్పుకోవచ్చు.

ముందు ఫోన్లు ఆపెయ్. ఒక కాగితం మీద, కొన్న తేదీ, బిల్లు నంబరు, పొయ్యి సీరియల్ నంబరు, ఫ్యాన్ ఆగిన తేదీ రాసి, పదిహేను రోజుల్లో బాగుచేయాలని అడుగుతూ డీలర్‌కు ఒకటి, తయారీ కంపెనీకి ఒకటి రిజిస్ట్రేషన్‌తో స్పీడ్ పోస్టులో పంపు. రసీదులు జాగ్రత్త. చాలాసార్లు కంపెనీకి ఉత్తరం వెళ్లగానే డీలర్ కదులుతాడు. కదలకపోతే 1915కి ఫోన్ చెయ్, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, డబ్బు తీసుకోరు. అప్పటికీ కాకపోతే కర్నూలులోని జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేయొచ్చు. డీలర్ వేరే జిల్లా వాడైనా నువ్వు ఉండే చోటే వేసుకునే వీలుంది, ఐదు లక్షల లోపు వస్తువుకు ఫీజు లేదు, లాయర్ తప్పనిసరి కాదు. రెండేళ్లలోపు వేయాలి.

బిల్లు లేకుండా కొని ఉంటే పని కష్టమవుతుంది, ఫోన్‌పే చేసిన ఆధారం, వారంటీ కార్డు, డీలర్‌తో వాట్సాప్ మాటలు అన్నీ ప్రింట్ తీసి పెట్టుకో. ఇంకొకటి, కాలిపోయిన ఫ్యాన్‌ను నువ్వుగా విప్పొద్దు, ఊళ్లో మెకానిక్‌తో విప్పించొద్దు. విప్పారంటే వారంటీ చెల్లదంటారు. గడువు అయ్యేదాకా గ్యాస్ మీదే నెట్టుకురా, ఆ సిలిండర్ల బిల్లులు కూడా దాచు, నష్టపరిహారం అడిగేటప్పుడు అవి పనికొస్తాయి. పొయ్యిని మాత్రం పాత ఇనుము వాడికి అమ్మకు, ఎంత కోపం వచ్చినా సరే, కేసు తేలేదాకా అది ఇంట్లోనే ఉండాలి.